ఫోటో స్టూడియో తాళాలమ్మ

ఫోటో తాతకు రెండు రకాల మనుషులంటే పడదు. ఫోటో తీసేటప్పుడు కళ్లు మూసేవాళ్లు ఒకరు, తన మాటకు ఎదురు చెప్పేవాళ్లు ఇంకొకరు. కోడలు మొదటి రకం కాదు. రెండో రకంలో మాత్రం ఇంట్లో కాలు పెట్టిన కొన్నాళ్లకే చేరిపోయింది.

ఆ వీధిలో చిన్నా పెద్దా అందరికీ ఆయన ఫోటో తాతే. బస్టాండు నుంచి వచ్చే రోడ్డు మలుపు తిరిగే చోట ఆయన స్టూడియో. ముందు గదిలో కౌంటరు, దాని అద్దం కింద ఎప్పటివో పాస్‌పోర్టు ఫోటోలు. అందులో ఉన్న పిల్లలు కొందరు ఇప్పుడు మనవలను ఎత్తుకుని తిరుగుతున్నారు. వెనక గదిలో నీలం తెర, గుండ్రటి స్టూలు, గొడుగు దీపాలు. రెండింటికీ మధ్య ఇరుకు గదిలో కంప్యూటరు. గుమ్మం పైన బోర్డు, బోర్డు మీద స్టూడియో పేరు, పేరు కింద మూరెడు అంకెలతో స్థాపించిన సంవత్సరం. ఆ సంవత్సరమంటే తాతకు అంతా ఇంతా గర్వం కాదు. షాపు కంప్యూటరు తెరిచేది ఆ సంవత్సరంతోనే. ఆయన ఫోను తెరిచేదీ దానితోనే, కొడుకు ఫోనూ, షాపు ఈమెయిలూ దానితోనే. "మా ఇంట్లో దాపరికాలు లేవు" అని ఆయన అదొక గొప్పగా చెప్పుకునేవాడు.

కోడలు కొత్తగా వచ్చిన రోజుల్లో ఈ సంగతి విని, బయటికి వెళ్లి, రోడ్డవతల నిలబడి బోర్డు వంక కాసేపు చూసి వచ్చింది.

"ఏంటమ్మా, బోర్డు ఒంకరగా ఉందా?" అన్నాడు తాత.

"బోర్డు బాగానే ఉంది మావయ్యా. తాళంచెవిని రంగులేసి మరీ గుమ్మానికి తగిలించాం, అది చూసొచ్చాను."

"ఇన్నేళ్లలో ఒక్కడూ కనిపెట్టలేదు, తెలుసా!"

"కనిపెట్టే పనేముంది మావయ్యా, తలెత్తితే చాలు కదా."

తాతకు కోపం ముక్కు మీదే ఉంటుంది. ఆ పూటంతా కోడలితో మాట్లాడలేదు. మాట్లాడకుండా ఉండటం ఆయనకు ఉపవాసం కంటే కష్టం గనక మర్నాటికి ఆయనే దిగివచ్చాడు. పాస్‌వర్డుగా ఒకదానితో ఒకటి పొంతన లేని నాలుగు మాటలు కలిపి పెట్టుకోమంది కోడలు. తాత పొద్దంతా బుర్ర గోక్కుని ఒక కోతిని, ఒక గొడుగును, ఒక చందమామను, ఒక చిరిగిన చొక్కాను కలిపి పెట్టాడు. పెట్టి, అది ఎంత బాగా కుదిరిందో చూసుకుని మురిసిపోయి, సాయంత్రంలోగా టీ కొట్టాయనకూ మంగలికీ ప్రింటింగు ప్రెస్సు నడిపే తన చిన్ననాటి స్నేహితుడికీ చెప్పేశాడు. ఆయన నోట్లో నువ్వుగింజ నానదు. మర్నాడు టీ కొట్టాయన గ్లాసు కౌంటరు మీద పెడుతూ "ఏం తాతా, చొక్కా కుట్టించావా?" అని అడిగేసరికి కోడలికి సంగతి తెలిసిపోయింది. మళ్లీ మార్పించింది. అదీ వీధిలో పడింది. మళ్లీ మార్పించి చేతులు జోడించింది. "మావయ్యా, ఈసారిది మీ వేళ్లకి మాత్రమే తెలియనివ్వండి. నోటికి చెప్పకండి."

ఆ ఉక్రోషంలోనే ఆయన కోడలికి తాళాలమ్మ అని పేరు పెట్టాడు. వెక్కిరించడానికి పెట్టిన పేరే గానీ, వీధి దాన్ని ముద్దుపేరు చేసేసుకుంది.

తాళాలమ్మ పద్ధతుల్లో తాత ఎన్నడూ వెక్కిరించనిది ఒక్కటే ఉంది. స్టూడియోకి వచ్చేవాళ్లలో సగం మంది ఫోను చేతికిచ్చేసి "ఫోటో ఇందులోనే ఎక్కడో ఉంది, మీరే తీసుకోండి" అంటారు. ఆవిడ చెయ్యి చాచేది కాదు. "మీరే వెతికి పంపండి, తొందరేం లేదు" అని గోడవైపు తిరిగేది. వాళ్లు తాళం తీసి, ఫోటో వెతికి, "పంపానమ్మా" అనేదాకా ఇటు తిరిగేది కాదు. మొదట్లో ఇదేం చోద్యం అని నవ్వినవాళ్లే తర్వాత ఆవిడ ఉందో లేదో కనుక్కుని మరీ షాపులోకి వచ్చేవాళ్లు.

ఎందుకలా తిరుగుతావని తాత ఒకసారి అడిగాడు. పెళ్లికి ముందు ఆవిడ ఫోన్లు బాగుచేసే షాపులో కౌంటరు మీద పనిచేసేది. ఒక మధ్యాహ్నం ఏదో అడగడానికి తెర తీసి లోపలికి వెళితే, పనివాళ్లిద్దరూ బాగుచేయడానికి వచ్చిన ఫోను ముందేసుకుని, అందులోని ఫోటోలు ఒక్కొక్కటే జరుపుతూ నవ్వుకుంటున్నారు. ఫోను తాలూకు పిల్ల బయట బెంచీ మీద కూర్చుని, బస్సు టైముకి అవుతుందా అని అడుగుతోంది. ఆవిడ వాళ్ల చేతుల్లోంచి ఫోను లాక్కుని, బాగుపడని ఫోనునే తీసుకెళ్లి ఆ పిల్ల చేతిలో పెట్టింది. వెంటనే తాళం మార్చుకోమని చెప్పింది. తన టిఫిను డబ్బా తీసుకుని ఇంటికి వచ్చేసింది. మళ్లీ ఆ షాపు గుమ్మం తొక్కలేదు.

"ఆ పిల్ల నాకు థాంక్స్ చెప్పి వెళ్లింది మావయ్యా. ఎందుకిచ్చేశానో తనకి చెప్పలేకపోయాను" అంది. మనిషి మొహాన్ని చూసే హక్కు ఆ మనిషి ఇస్తేనే వస్తుందని ఫోటోలు తీసేవాడికి వేరే చెప్పక్కర్లేదు.

మిగతా పద్ధతుల మీద మాత్రం ఆయన ఒంటికాలి మీద లేచేవాడు. స్టూడియో బతుకే ముక్కూ మొహం తెలియనివాళ్ల సరుకు తెరవడం. పెన్ డ్రైవు తెచ్చేవాళ్లు, మెయిలు పంపేవాళ్లు, దేన్నీ కాదనడానికి లేదు. అందుకని కోడలు సామాన్ల గదిలో మూలుగుతున్న పాత కంప్యూటరు తుడిచి ఓ మూల పెట్టింది. దానికి ఇంటర్నెట్టు లేదు, పెద్ద కంప్యూటరుతో చుట్టరికం లేదు. ఎవరి పెన్ డ్రైవయినా ముందు అందులోనే పెట్టి చూడాలి. తేడా లేకపోతేనే లోపలికి. "ఇది చెప్పులు విప్పే చోటు మావయ్యా" అని చెప్పింది. ఆ ముసలి కంప్యూటరు నిద్రలేచేసరికి బస్సొకటి వెళ్లిపోయి ఇంకొకటి వచ్చేది.

"వచ్చిన ప్రతివాడినీ దొంగలా చూస్తే రేపు మన గుమ్మం ఎవడు ఎక్కుతాడమ్మా?"

"దొంగలని కాదు మావయ్యా. పెన్ డ్రైవుకి ఒంట్లో బాగోలేదని తెచ్చినవాళ్లకి మాత్రం ఏం తెలుస్తుంది?"

కంప్యూటరు అప్‌డేటు పేరుతో తనను తాను సరిచేసుకోవాలి, కాసేపు ఆగమని అడిగినప్పుడల్లా ఇంకో గొడవ. రేపు చూద్దాంలే అని తాత దాన్ని నోరు మూయించేవాడు. కోడలు వచ్చి మళ్లీ తెరిపించేది. "గోడకి కన్నం పడిందని మేస్త్రీ తనే వచ్చి చెప్తుంటే రేపు రా అంటామా?" అనేది. తాత గొణుగుతూ టీ తాగడానికి వెళ్లిపోయేవాడు.

అయితే ఆయన బతుకంతా దాచుకున్న సొత్తును బతికించింది కూడా ఆ కోడలే. ఇనప బీరువాలో పాత ఫిల్ములు చెమ్మ పట్టి ఒకదానికొకటి అతుక్కుపోతుంటే, ఆవిడ ఒక వానాకాలమంతా కూర్చుని, ఒక్కొక్కటీ ఊడదీసి, తుడిచి, కంప్యూటరులోకి ఎక్కించింది. సగం ఫిల్ములు ఆ తర్వాత దుమ్ముగా రాలిపోయాయి. ఫోటోలు నిలిచాయి. స్టూడియో కవరు మీద పేరు కింద ఎప్పటినుంచో ఒక మాట అచ్చువేసి ఉంటుంది: ఎప్పుడు అడిగినా ఇస్తాం. ఆ మాట తాతది. ఆ మాట నిలబెట్టే సరంజామా ఇప్పుడు ఆ కంప్యూటరులో ఉంది.

అంతటితో ఊరుకుందా అంటే లేదు. షాపు మూసేముందు ఫోటోలన్నీ ఒక చిన్న డిస్కులోకి ఎక్కించి, వైరు పీకి, దాన్ని ఖాళీ బిస్కెట్ల డబ్బాలో పెట్టుకుని ఇంటికి తెచ్చేది. ఒక వాన రోజున డబ్బా చీరకొంగు కింద దాచుకుని తను తడుస్తూ వచ్చేసరికి తాతకు చిర్రెత్తింది. "రోజూ షాపుని డబ్బాలో పెట్టుకుని తిరగడమేంటమ్మా! దాన్ని అక్కడే తగిలించి ఉంచు. దానంతటదే ఎక్కించుకుంటుంది."

"సరే మావయ్యా" అంది కోడలు. ఎదురు చెప్పలేదు. తాత గెలిచాననుకున్నాడు.

బడులు తెరిచే రోజులొచ్చాయి. పాస్‌పోర్టు ఫోటోల కోసం పిల్లలూ తల్లులూ మెట్ల కిందిదాకా బారు తీరారు. ఆ హడావుడిలో ఒక ఆడమనిషి కండక్టరు బట్టల్లోనే వచ్చి కౌంటరు ముందు నిలబడింది.

"తాతా, మా నాన్న ఫోటో మీ దగ్గర ఉంటుందన్నారు. ఈ డిపోలో మొదటి బస్సు నడిపింది మా నాన్నే. విశ్రాంతి గదిలో ఆయన ఫోటో పెడతామంటున్నారు. మా ఇంట్లో ఉన్నదంతా పోయినేడు వాన నీళ్లలో పోయింది."

తాత మొహం వెలిగిపోయింది. ఆ ఫోటో తను తీసిందే. తనకింకా మీసాలు సరిగా రాని వయసులో, బస్సు కిటికీ కింద తను నిలబడి, లోపల స్టీరింగు మీద చెయ్యేసి పడీపడీ నవ్వుతున్న డ్రైవరును తీశాడు. "లేకేం! రేపు సాయంత్రం రా తల్లీ, ఇంతెత్తు చేసి ఇస్తాను" అన్నాడు. కవరు తీసి దాని మీది మాట వేలితో చూపించాడు కూడా.

ఆవిడ అటు వెళ్లిందో లేదో, ప్రెస్సు స్నేహితుడు పెన్ డ్రైవు ఊపుకుంటూ ఇటు వచ్చాడు. "ఒరేయ్, క్యాలెండరు బొమ్మలు ఇందులో ఉన్నాయి, కాస్త రంగులు చూసి పెట్టు. అవతల మిషన్ మీద మనిషి కూర్చునున్నాడు."

కోడలు లోపల ఒక చంటిదాన్ని నవ్వించడానికి గిలక ఊపుతోంది. మూలనున్న కంప్యూటరు ఆపేసి ఉంది. చిన్ననాటి స్నేహితుణ్ణి, అంతమంది ముందు, చెప్పులు విప్పే చోట నిలబెట్టడానికి తాతకు తల కొట్టేసినట్టయింది. పెన్ డ్రైవు తీసి పెద్ద కంప్యూటరుకే పెట్టేశాడు. ఫోటోలాగే కనిపించిన దాని మీద నొక్కాడు. ఏమీ రాలేదు. తలుపు తియ్యకపోతే మళ్లీ కొట్టినట్టు మళ్లీ నొక్కాడు. "సర్లేరా, సాయంత్రం ఇంకోటి తెస్తాను" అని స్నేహితుడు పెన్ డ్రైవు పీక్కుని వెళ్లిపోయాడు.

కాసేపటికి ఒక పిల్లవాడి ఫోటో తెరవబోతే తెరుచుకోలేదు. పక్కదీ తెరుచుకోలేదు. తాత కళ్లముందే ఫోటోల పేర్ల చివర అర్థంకాని తోకలు మొలుస్తున్నాయి. తర్వాత తెరంతా నల్లబడి, డబ్బు పంపితేనే మీ ఫైళ్లు తిరిగి ఇస్తాం అని ఒక బెదిరింపు ప్రత్యక్షమైంది. పక్కనే తగిలించి ఉన్న డిస్కు వంక చూశాడు. దాని చిన్న దీపం టకటకా కొట్టుకుంటోంది. దాన్ని అక్కడే ఉంచమన్నది తనే.

"అమ్మా" అని పిలిచాడు. మళ్లీ పిలిచాడు.

కోడలు వచ్చి తెర చూసింది. అరవలేదు. ముందు ఇంటర్నెట్టు వైరు పీకింది, తర్వాత డిస్కు, తర్వాత కరెంటు. "ఎవరూ ఏదీ ముట్టుకోకండి" అంది. బారులో ఉన్నవాళ్లకు ఉన్నమాట చెప్పింది: కంప్యూటరుకి దెబ్బ తగిలింది, ఈ పూట తీసిన ఫోటోలు కెమెరాలో భద్రంగా ఉన్నాయి, రేపు రండి. ఇందాక లోపల్నుంచి ప్రెస్సాయన గొంతు విన్నదే గనక, ఆ వెంటనే ప్రెస్సుకి ఫోను చేసింది. "బాబాయ్‌గారూ, ఆ పెన్ డ్రైవు ఇంకెక్కడా పెట్టకండి. మీ కంప్యూటరు కూడా ఆపేయండి, దానికీ సోకి ఉంటుంది." పాపం, ఆయనకేం తెలుసు.

"నేనే పెట్టానమ్మా" అన్నాడు తాత.

"తెలుసు మావయ్యా" అంది. ఇంకొక్క మాట అనలేదు. నాలుగు తిట్టి ఉంటే ఆయనకు ఊపిరి ఆడేది.

కబురు విని కొడుకు పరుగున వచ్చాడు. ఆ బెదిరించినవాడు అడిగింది పడేసి వదిలించుకుందామన్నాడు. "ఇస్తే మాత్రం తీస్తాడని ఏంటి నమ్మకం? వాడేమన్నా మన మేనమామా?" అంది కోడలు. సైబరు పోలీసులకు ఫోను చేసి జరిగింది జరిగినట్టు చెప్పింది. తర్వాత ఇంటికి వెళ్లి వచ్చింది. చేతిలో బిస్కెట్ల డబ్బా.

తాత కళ్లప్పగించి చూశాడు. "అది... తగిలించి ఉంచమన్నాను కదమ్మా?"

"మీరు ఉంచమన్నది ఉంచాను మావయ్యా. ఇది ఇంకోటి. రోజూ మీరు షట్టరు దించడానికి వెళ్లినప్పుడు ఎక్కించి తీసేదాన్ని. చెప్తే వద్దంటారని చెప్పలేదు."

తాత ఒక్క అంగలో దగ్గరికి వచ్చాడు. "అయితే ఇంకేం, పెట్టు! తెరువు! ఆ డ్రైవరు ఉన్నాడో లేడో చూద్దాం!"

"ఇప్పుడు కాదు."

"ఒక్కసారమ్మా. చూసి తీసేద్దాం."

"చూడ్డానికి పెడితే ఇదీ పోతుంది మావయ్యా. నిన్న సాయంత్రం చూసినప్పుడు బాగానే ఉంది. ఆ తెగులు అప్పటికే ఇందులోకీ దూరిందా లేదా అన్నది నాకూ తెలీదు. కంప్యూటరు మొత్తం తుడిచేసి, మళ్లీ మొదటినుంచి కట్టుకున్నాకే చూడాలి." డబ్బా తెచ్చి ఆయన ఒళ్లో పెట్టింది. "నేను అడిగేదాకా మీ దగ్గరే ఉంచండి. ఎవరడిగినా ఇవ్వకండి."

నీలం తెర ముందు, ఊరందరినీ కూర్చోబెట్టిన ఆ గుండ్రటి స్టూలు మీద తాత డబ్బాతో కూర్చున్నాడు. బరువు లేని డబ్బా. అందులో ఆయన యౌవనం ఉంది, ఇచ్చిన మాట ఉంది. ఉన్నాయో లేవో తెలియదు. మూత తీసి చూసినా కనబడవు. చేతులు నిలవక మూతను తడుముతూనే ఉన్నాడు.

కొడుకు పక్కన చేరాడు. "నాన్నా, ఒక్క నిమిషం ఇవ్వండి. నా ల్యాప్‌టాప్‌లో పెట్టి చూస్తాను, మనసు కుదుటపడుతుంది."

తాతకు ప్రాణం లాగింది. ఔననడానికి నోరు తెరిచాడు. ఆ ల్యాప్‌టాప్ పొద్దున్న షాపు ఇంటర్నెట్టు మీదే నడిచిందని గుర్తొచ్చింది.

"కుదరదు" అన్నాడు.

"మీ షాపు, మీ ఫోటోలు. మీరే చూడకూడదా?"

"కోడలు చెప్పేదాకా చూడకూడదు. వెళ్లి దానికి టీ పట్టుకురా."

ఆ రాత్రి డబ్బా ఆయన మంచం పక్కనే ఉంది. మర్నాడు మళ్లీ స్టూలెక్కింది. మధ్య గదిలో కోడలు కంప్యూటరును పూర్తిగా ఖాళీ చేసి, కొత్త కాపురం పెట్టినట్టు ఒక్కొక్కటే సర్దుకుంటూ వచ్చింది. తొందరపడలేదు. ఆ నిదానం చూసి ఇన్నాళ్లూ పళ్లు కొరుక్కున్న మనిషి, ఇప్పుడు ఆ నిదానం చెదరకూడదని ఉగ్గబట్టుకుని కూర్చున్నాడు. భోజనాల వేళ దాటాక ఆవిడ గుమ్మంలోకి వచ్చి చెయ్యి చాచింది. "ఇప్పుడివ్వండి మావయ్యా."

డబ్బా అందుకుంటూ కోడలు దాన్ని గబుక్కున కళ్లకద్దుకోవడం ఆయన చూశాడు. ధైర్యమంతా ఆవిడ దగ్గరే ఉందనుకున్నాడు ఇంతసేపూ. ఆవిడా భయంతోనే ఇంత పనీ చేసిందని అప్పుడు తెలిసింది.

వైరు పెట్టింది. గళ్లు గళ్లుగా ఫోటోలు దిగడం మొదలైంది. తోకల్లేవు. కోడలు వెతికి ఒకదాని మీద నొక్కింది. బస్సు కిటికీ, స్టీరింగు మీద చెయ్యి, పడీపడీ నవ్వుతున్న డ్రైవరు. తాత కండువాతో మొహం కప్పుకుని ఏడ్చేశాడు. కోడలు అలవాటుగా గోడవైపు తిరిగి నిలబడింది.

సాయంత్రం కండక్టరు వచ్చింది. ఇంతెత్తు ఫోటోను రెండు చేతులా పట్టుకుని చూసి, అచ్చం తండ్రిలాగే నవ్వింది. "మీ దగ్గర ఉంటుందని నాకు తెలుసు తాతా" అని కవరు చంకన పెట్టుకుని వెళ్లిపోయింది. జరిగిందేదీ ఆవిడకు తెలియదు, తెలియాల్సిన పనీ లేదు.

షట్టరు దించబోయేముందు కోడలు కుర్చీ లాగి పెట్టింది. "కొత్త పాస్‌వర్డు పెట్టాలి మావయ్యా. రండి, నేను అటు తిరుగుతాను."

తాత కదల్లేదు. "నువ్వే పెట్టమ్మా."

"షాపు మీది కదా."

"షాపు నాదే. ఈ నోరు కూడా నాదే కదమ్మా."

ఇంత గొడవ మొదలయ్యాక కోడలు నవ్వడం అదే మొదటిసారి. కూర్చుని వేళ్లు మీటల మీద పెట్టింది. ఎదుటివాళ్లకోసం తను తిరగడమే గానీ, తనకోసం ఎవరైనా తిరగడం ఆవిడ ఎరగదు గనక, అలాగే మొదలుపెట్టబోయింది.

"ఆగమ్మా" అన్నాడు తాత. బతుకంతా ఎదురుగా ఉన్న దేని మీద నుంచీ చూపు తిప్పని మనిషి, చేతులు వెనక్కి కట్టుకుని, గోడవైపు తిరిగి నిలబడ్డాడు. మీటలు చాలాసేపు చప్పుడు చేశాయి.

"అయింది మావయ్యా" అని ఆవిడ చెప్పాకే ఇటు తిరిగాడు.